సంతకం లేని బాతు

ఉదయం పదీ ఇరవైకి లీఫ్ టాండె అదే మాట మూడోసారి అన్నాడు.

“ఓరిన్‌ని చంపింది నేనే. ఆ కాగితమేదో ఇటివ్వమ్మా, సంతకం పెట్టేస్తాను.”

మారిట్ బ్రాటన్ కాగితం ఇవ్వలేదు. నార్త్ డకోటా రాష్ట్ర పోలీసుల్లో ఆమె ఇరవై రెండేళ్ళుగా డిటెక్టివు. చేసినవాళ్ళు చేయలేదని బొంకడం ఆమెకు రోజూ ఉండే భాగోతమే. చేశాను మొర్రో అంటూ కాగితం కోసం చెయ్యి చాచేవాళ్ళను చూస్తేనే ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. రెండు నిమిషాలు కుర్చీలో కుదురుగా కూచోలేకపోయింది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, గడియారం చూసింది, మళ్ళీ వచ్చి కూచుంది.

ఆ రోజు శనివారం, బాతుల వేటకు మొదటి రోజు. ఆస్టర్‌డాల్ ఊళ్ళో తుపాకీ ఎత్తగలిగిన ప్రతివాడూ తెల్లారకముందే ఏదో ఒక మడుగు గట్టున నక్కి కూచున్నాడు. నైగార్డ్ మడుగులో మాత్రం దాని సొంతదారు ఓరిన్ నైగార్డ్, డెబ్బై ఒక్క ఏళ్ళ రిటైర్డ్ పోస్టుమాస్టరు, వీపు నిండా చిల్లర గుండ్లతో మోకాలి లోతు నీళ్ళలో బోర్లా పడి ఉన్నాడు. నలభై ఒక్క ఏళ్ళుగా ఆయనతో కలిసి వేటకు వెళ్ళే లీఫ్ తనే ఫోన్ చేసి చెప్పాడు, పొరపాటున తన గుండు తగిలిందని. మధ్యాహ్నం పన్నెండింటికి జడ్జిగారు తన వేట గుడిసెకు బయల్దేరతారు. ఈలోగా లీఫ్ సంతకం పెడితే నిర్లక్ష్యంగా ప్రాణం తీశాడన్న కేసు ఖాయమైపోతుంది. ఐదేళ్ళ దాకా జైలు. అరవై తొమ్మిదేళ్ళవాడికి ఐదేళ్ళంటే మిగిలినదంతా అన్నమాటే.

“మళ్ళీ మొదటి నుంచి చెప్పండి లీఫ్ గారూ. మడుగు దగ్గరికి ఎన్నింటికి చేరారు?”

“ఆరూ నలభై మూడు, నలభై నాలుగు.”

“ఓరిన్ గారు అప్పటికే ఉన్నారా?”

“వాడు ఆరింటికే వెళ్తాడు. పైన ఎగిరేవాటికి ఎరగా దీమం బాతులు నీళ్ళలో పెట్టడం వాడి పని. ప్లాస్టిక్ బాతులే కదా అని నేను ముట్టుకోబోతే చెయ్యి విరగ్గొడతానంటాడు.” లీఫ్ నవ్వబోయి ఆగిపోయాడు. “అనేవాడు.”

“మీరు ఆయన్ని చూశారా?”

“లేదు. నా మాటు తూర్పు గట్టున, వాడిది పడమట. మధ్యలో జమ్ము ఎత్తుగా ఉంటుంది. మొదటి గుంపు వాలేదాకా మేం పలకరించుకోం.”

“వేటకు టైము ఎన్నింటికి మొదలు?”

“ఆరూ యాభై నాలుగుకి. సూర్యోదయానికి అరగంట ముందు.”

“అంతకుముందు ఎక్కడైనా తుపాకీ పేలిందా?”

“నేను వినలేదు.”

“దారిలో ఎవరైనా ఎదురు...”

“ఎవరూ రాలేదు.”

ప్రశ్న నోట్లో ఉండగానే జవాబు వచ్చిపడింది. మారిట్ తల ఎత్తకుండా రాసుకుంది.

“ఏడూ నలభైకి ఏమైంది?”

“పరజ బాతు ఒకటి నీళ్ళ మీద తక్కువ ఎత్తులో వచ్చింది. దాని వెంబడే తుపాకీ తిప్పాను, పడమటికి. అలా తిప్పకూడదని పదేళ్ళప్పుడే నేర్పుతారు. పేల్చాక వాణ్ణి పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే నీళ్ళలో...”

“ఆయన నీళ్ళలోకి ఎందుకు దిగారు?”

“కొట్టిన బాతును తెచ్చుకోవడానికి అయ్యుంటుంది.”

“ఆయన తుపాకీ పేలడం విన్నారా?”

“విన్నాను. ఒక్కసారి.”

“ఎన్నింటికి?”

“గుర్తులేదమ్మా.”

అప్పటిదాకా స్టేషన్‌మాస్టరులా నిమిషాలతో సహా చెప్పినవాడికి ఈ ఒక్క టైమూ గుర్తులేదు. బల్ల మీద రెండు ప్లాస్టిక్ సంచులున్నాయి. ఒకదానిలో లీఫ్ వేట లైసెన్సు, ఇంకోదానిలో ఓరిన్‌ది. రెండింటి వెనకా బాతుల వేటకు ప్రభుత్వం అమ్మే ఈ ఏటి స్టాంపు అంటించి ఉంది. రెండింటి మీదా ఒకే సూదితోక బాతు బొమ్మ. లీఫ్ స్టాంపు మీద బాతు మెడకు అడ్డంగా నీలం సిరాతో వంకర సంతకం ఉంది. ఓరిన్ స్టాంపు మీద బాతు కడిగినట్టు శుభ్రంగా ఉంది.

ఆమె ఆ బాతునే చూస్తూ ఉండిపోయింది. మారిట్‌ది ఆ పక్క కౌంటీయే. పదహారో ఏట నాన్న వెంట వచ్చి మొదటి స్టాంపు కొన్నది పోస్టాఫీసులో ఓరిన్ కిటికీ దగ్గరే. “సంతకం పెట్టు పిల్లా. సిరాతో, బొమ్మ మీద అడ్డంగా. సంతకం లేనిది స్టాంపు కాదు, ఉత్త బొమ్మ,” అని ఆయన కళ్ళజోడు పైనించి చూశాడు. తరవాత రహస్యం చెబుతున్నట్టు ముందుకు వంగాడు. “దీంతో మా మడుగులో ఒక బకెట్టు నీళ్ళు నీవైపోయాయి. ఎప్పుడైనా వచ్చి చూసుకో.” ఊళ్ళో ఆ మాట వినని వేటగాడు లేడు. అది వట్టి సరదా మాట కూడా కాదు. స్టాంపులమ్మగా వచ్చిన డబ్బుతోనే అరవై మూడులో ప్రభుత్వం ఓరిన్ తండ్రితోనూ లీఫ్ తండ్రితోనూ ఒప్పందం రాయించుకుంది. భూమి మీదే, చుట్టూ పంట మీదే, నీళ్ళ జోలికి మాత్రం ఎప్పటికీ వెళ్ళకూడదు. మడుగును తోడకూడదు, పూడ్చకూడదు, జమ్ము తగలబెట్టకూడదు. భూమి ఎవరి చేతికి మారినా ఒప్పందం దాని వెంటే వెళ్తుంది. పైన ఎగిరే బాతును కాల్చుకునేందుకు కట్టిన రుసుమే కింద దాని గూడును నిలబెడుతోంది.

అలాంటి ఓరిన్ సంతకం పెట్టని స్టాంపుతో తుపాకీ పేల్చాడంటే మారిట్ నమ్మలేకపోయింది.

“ఇప్పుడే వస్తాను. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి,” అంటూ లేచింది.

“ఎందుకమ్మా నన్నిలా చంపుకుతింటావు?” అన్నాడు లీఫ్. ఆ గొంతులో విసుగు కాదు, భయం ఉంది.

నడవలో షెరీఫ్ కర్ట్ వెటర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. పోలీసు శిక్షణలో ఇద్దరూ ఒకే జట్టు. ఆమె మొదటి ర్యాంకు, అతను రెండో ర్యాంకు. ఆ సంగతి ఇద్దరిలో ఒకరు మరిచిపోయారు, అది వెటర్ కాదు.

“ఎక్కడికి తల్లీ ప్రయాణం?”

“మడుగు దగ్గరికి.”

“ముసలాడు ఒప్పుకున్నాడు. కాగితం సిద్ధంగా ఉంది. గోరంత దాన్ని కొండంత చేయందే నీకు తిండి సహించదా?”

“నువ్వు మడుగు చూశావా కర్ట్?”

“శవాన్ని బయటికి తీయించింది నేనే.”

“శవం సరే. మడుగు చూశావా?”

అతను నోరు తెరిచేలోపే ఆమె తలుపు దాటింది. వెనకాల అతని బూట్ల చప్పుడు వినిపించింది. తన కారులో వెంటబడతాడని ఆమెకు తెలుసు.

పదీ యాభై ఎనిమిదికి మారిట్ మడుగు గట్టున దిగింది. వేట వార్డెన్ జోలీన్ పెల్టియె అక్కడ కాపలా ఉంది. ముప్పై ఏళ్ళు లేని మనిషి, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నట్టు కాళ్ళు మార్చుకుంటోంది.

“ఏదీ కదపలేదు కదా?”

“శవాన్నీ తుపాకీలనీ లైసెన్సులనీ తీసుకెళ్ళారు. మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి మారిట్ గారూ.”

మారిట్ ఓరిన్ మాటులోకి దూరింది. జమ్ము కట్టలతో అల్లిన చిన్న దడి, లోపల చెక్క బల్ల. బల్ల మీద ఫ్లాస్కు ఉంది. మూత తిప్పి చూస్తే కాఫీ అంచు దాకా ఉంది, ఒక్క గుక్కయినా తగ్గలేదు. పక్కన తూటాల పెట్టె మూత తీసి ఉంది. ఇరవై అయిదు పట్టే పెట్టెలో ఇరవై నాలుగున్నాయి. కింద గోనెసంచి. దానిలో ఆరు దీమం బాతులు, తాళ్ళు చుట్టి చుట్టినట్టే ఉన్నాయి. నీళ్ళ మీద పద్నాలుగు తేలుతున్నాయి.

“మొత్తం ఇరవై. పద్నాలుగు పెట్టాక ఎవరైనా ఆపి వేట మొదలుపెడతారా?”

“ఓరిన్ గారు పెట్టరు. చివరి బాతు పెట్టాకే ఆయనకు కాఫీ,” అంది జోలీన్.

“శవం ఎక్కడుంది?”

జోలీన్ చూపించింది. మాటు నుంచి ఇరవై అయిదు అడుగుల దూరంలో, పద్నాలుగో బాతు పక్కనే. మారిట్ బల్ల దగ్గర నిలబడి అటు చెయ్యి చాచింది. నీళ్ళలో వంగి బాతును సర్దుతున్న మనిషి వీపు ఇక్కడికి తలుపంత వెడల్పుగా కనిపిస్తుంది. తూర్పు మాటు నుంచయితే మధ్యలో జమ్ము అడ్డం.

“చచ్చిన బాతు దొరికిందా?”

“ఒక్క ఈక కూడా లేదు.”

మారిట్ గట్టు వెంబడి గబగబా నడిచింది. ఒకచోట ఆగి జమ్ము కాడను వేలితో రాసింది. నీళ్ళకు రెండు జానల పైన నల్లటి బురద చార, కింద పచ్చిగా లేత రంగు. అవతల నీటి ఎలుకల గూడు పొడినేల మీద తెల్లబోయి ఉంది.

“ఆగస్టులో వానలు దంచాయి. మడుగు ఇంత ఎలా తగ్గింది?”

“అదే చెబుదామని చూస్తున్నాను. గురువారం ఓరిన్ గారు నాకు ఫోన్ చేశారు. మడుగుకు ఎవరో కన్నం పెట్టారు, ఫోటోలు తీసి ఉంచాను, సోమవారం తెచ్చిస్తాను అన్నారు. ఎవరని అడిగితే, సోమవారం దాకా ఆ మనిషికి గడువిస్తాను అన్నారు.”

ఇద్దరూ కంచె దాటి టాండె వాళ్ళ వైపుకు వెళ్ళారు. సోయా చేను అంచున కాలవలోకి కొత్త నల్ల గొట్టం నోరు తెరుచుకుని ఉంది. పైన మట్టి ఇంకా గట్టిపడలేదు. దానిలోంచి పడే మడుగు నీళ్ళ ధార చిన్నదే కానీ ఆగడం లేదు. మారిట్ దాని కింద చెయ్యి పెట్టింది. వేళ్ళు జివ్వుమన్నాయి. దేశం మొత్తం మీద ఎవరెవరో సంతకాలు పెట్టి కొన్న బకెట్లన్నీ ఈ కన్నంలోంచి కారిపోతున్నాయని ఆమెకు ఒళ్ళు మండింది.

“ఈ పక్క సాగు ఎవరిది?”

“భూమి లీఫ్ గారిది. ఐదేళ్ళుగా దున్నేది కొడుకు డేల్.”

మారిట్ వరసగా ప్రశ్నలు కురిపించింది.

“పొద్దున నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడికి రెండు మైళ్ళలో, నాలుగు రోడ్ల కూడలిలో. అందరి లైసెన్సులూ చూస్తున్నాను.”

“టైముకు ముందు తుపాకీ పేలిందా?”

“పేలింది. ఆరూ ముప్పై ఆరుకి, ఈ వైపే. రాసుకున్నాను. మొదటి రోజు తొందరపడేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు.”

“మరి రాలేదేం?”

జోలీన్ ముఖం వాడిపోయింది. “ఈ రోడ్డు మడుగు దగ్గరే ఆగిపోతుంది. పేల్చినవాడు నా ముందు నుంచే బయటికి రావాలి, తుపాకీతో సహా దొరుకుతాడు అనుకున్నాను. తుపాకీతో ఎవరూ రాలేదు.”

అప్పుడే వెటర్ గట్టు దిగి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది, ముఖంలో కోపం తొణికిసలాడుతోంది.

“పదకొండూ పన్నెండు అయింది. ఇక చాలు మారిట్. పోయిన ఓరిన్ ఎలాగూ రాడు, ఉన్న లీఫ్‌ను కాల్చుకు తినకు. సంతకం పెట్టాక జడ్జితో నేను మాట్లాడతాను. జైలు లేకుండా చూస్తాను. సాయంత్రానికి పెళ్ళాం దగ్గరుంటాడు.”

“చేయని హత్య నెత్తిన పెట్టుకుని.”

“హత్య అన్నదెవరు?”

“నేనే. ఆరూ ముప్పై ఆరుకి ఇక్కడ తుపాకీ పేలింది, ఆరూ యాభై నాలుగుకి ఓరిన్ బతికి లేడు. కాఫీ తాగలేదు. దీమం బాతులు పూర్తిగా పెట్టలేదు. స్టాంపు మీద సంతకం పెట్టలేదు.”

“డెబ్బై దాటినవాడు, మరిచిపోయాడు. నేను మా పెళ్ళిరోజే మరిచిపోతాను.”

“మీరు మరిచిపోతారేమో. ఆయన మరిచిపోరు,” అంటూ జోలీన్ మధ్యలోకి వచ్చింది. షెరీఫ్ గుడ్లురిమినా ఆగలేదు. “పొద్దున కూడలిలో లీఫ్ గారి స్టాంపు మీద కూడా సంతకం లేదు. ఇదేంటండీ అంటే నవ్వారు. ‘నలభై ఒక్క ఏళ్ళ ఆచారం అమ్మాయ్. టైము కొట్టగానే నేనూ ఓరినూ ఎవరి మాటులో వాళ్ళం సంతకం పెడతాం, ఆ తరవాతే తూటా వేస్తాం,’ అన్నారు. రోడ్డు మీద వేట లేదు కాబట్టి నేనూ వదిలేశాను.”

“విన్నావా కర్ట్? సంతకం లేదంటే ఓరిన్ తన తుపాకీలో తూటా వేయలేదు. అయినా అది పేలింది. ఆయన మాటులో దొరికినప్పుడు ఖాళీ తూటా దానిలోనే ఉంది. అంటే ఇంకెవరో ఆ మాటులో నిలబడి, పెట్టెలోంచి ఒక తూటా తీసి, వేసి, గురి చూసి కొట్టారు. చెయ్యి జారి పేలింది కాదు.”

వెటర్ దవడ కదిలింది. రెండో ర్యాంకువాడే కానీ తెలివితక్కువవాడు కాదు.

“బాగుంది. అయితే ఆ ముప్పై ఆరుకి కాల్చింది కూడా లీఫే. ప్రమాదం అని ఐదేళ్ళతో పోయేవాణ్ణి పట్టుకుని హంతకుణ్ణి చేశావు. మెడకున్న తాడు విప్పడానికొచ్చి ముడి బిగించావు.”

మారిట్ జోలీన్ వైపు తిరిగింది.

“లీఫ్ గారి లైసెన్సు ఎన్నింటికి చూశావు?”

“అదేగా చెప్పబోతున్నాను. తుపాకీ పేలినప్పుడు ఆయన లైసెన్సు నా చేతిలోనే ఉంది. ఇద్దరం కలిసే విన్నాం. ‘ఎవడి గడియారమో తొందరపడుతోంది,’ అన్నారాయన.”

వెటర్ టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“నాతో మాత్రం వినలేదన్నాడు,” అంది మారిట్. “ దారిలో ఎవరూ ఎదురు రాలేదన్నాడు. జోలీన్, ఆయన తరవాత ఎవరెవరు దాటారు?”

జోలీన్ నోటుపుస్తకం తిప్పింది. “లీఫ్ గారు లోపలికి, ఆరూ ముప్పై తొమ్మిది. బయటికి ఒక్క బండే వచ్చింది. బూడిదరంగు పికప్, ఆరూ నలభై ఆరు. డేల్ టాండె. చేను చూసొస్తున్నానన్నాడు. తుపాకీ లేదు. నేను తుపాకీ కోసం చూస్తున్నాను, మనిషిని చూడలేదు.”

మారిట్ వెనక్కి తిరిగి రోడ్డు చూసింది. కంకర రోడ్డు, రెండు వైపులా కాలవ. బండికి బండి ఎదురైతే ఒకటి అంచుకు దిగి ఆగాల్సిందే. ఈ ఊళ్ళల్లో ముక్కూ మొహం తెలియనివాడు ఎదురైనా స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తారు. తండ్రీ కొడుకూ ఆ రోడ్డు మీద అద్దానికి అద్దం ఆనేంత దగ్గరగా దాటుకున్నారు. తండ్రి ఎవరూ ఎదురు రాలేదంటున్నాడు.

“డేల్ పొద్దున స్టేషన్‌కొచ్చాడు. తండ్రికి కాఫీ తెచ్చాడు,” అన్నాడు వెటర్ నెమ్మదిగా.

“ఎన్నింటికి?”

“తొమ్మిదిన్నరకి.” వెటర్ నీళ్ళు నమిలాడు. “పాపం కదా అని పది నిమిషాలు ఇద్దరినీ గదిలో వదిలేశాను.”

దెప్పడానికి మారిట్‌కి చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. దేనికీ టైము లేదు. ఇద్దరూ కార్ల వైపు పరిగెత్తారు.

పదకొండూ నలభైకి ఆమె మళ్ళీ లీఫ్ ఎదురుగా కూచుంది. ఈసారి వెటర్ కూడా తలుపు దగ్గర నిలబడ్డాడు. లీఫ్ ఎవరినో అడిగి కలం సంపాదించాడు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

“లీఫ్ గారూ, మీరు ఓరిన్ గారిని చంపలేదు.”

ఇలాంటి మాట విన్నవాళ్ళు ఏడుస్తారు, కొందరు నవ్వుతారు. లీఫ్ రెండూ చేయలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

“చంపాను. పరజ బాతు వెంట తుపాకీ...”

“ఆయన స్టాంపు మీద సంతకం లేదు.”

“ఉంది. వాడు పెడుతుంటే నేను చూశాను.”

“జమ్ము అడ్డం ఉందన్నారు. మొదటి గుంపు వాలేదాకా పలకరించుకోం అన్నారు.” ఆమె ఓరిన్ లైసెన్సు ఉన్న సంచిని ముందుకు జరిపింది. “చూడండి.”

ఆయన చూడలేదు. నలభై ఒక్క ఏళ్ళ ఆచారాన్ని ఆయన నోటితోనే అబద్ధం చేశాడు. ఆ అబద్ధం ఆడటం ఆయనకు ఎంత కష్టమైందో కలం పట్టుకున్న వేళ్ళు చెబుతున్నాయి. మారిట్‌కి ఆయన మీద కోపం రాలేదు, జాలి వేసింది, ఆ జాలికి తన మీదే విసుగు పుట్టింది.

“ఆరూ ముప్పై ఆరుకి పేలిన తుపాకీని మీరు జోలీన్ పక్కన నిలబడి విన్నారు. ఆ తరవాత కంకర రోడ్డు మీద డేల్ ఎదురొచ్చాడు. వేలు ఎత్తారా లీఫ్ గారూ?”

లీఫ్ కలం తిప్పడం ఆపాడు.

“నేనెత్తాను,” అన్నాడు లీఫ్ చివరికి. “వాడు ఎత్తలేదు.”

“మాటులోకి వెళ్ళాక?”

“సంతకం పెట్టాను. తూటా వేశాను. చేతులు ఆడలేదు. వాడెందుకు చూడనట్టు పోయాడా అని అదే ధ్యాస. ఏడూ నలభైకి ఇక ఉండబట్టలేక లేచి వెళ్ళాను. ఓరిన్ చెయ్యి పట్టుకుంటే నీళ్ళకన్నా చల్లగా ఉంది. అప్పుడు నా తుపాకీ గాల్లోకి ఒకసారి పేల్చాను. నా దానిలో కూడా ఒక ఖాళీ తూటా ఉండాలి కదా.”

వెటర్ తలుపు దగ్గర ఊపిరి వదిలాడు. మారిట్ అతని వైపు చూడలేదు.

“అబద్ధం ఆడాను కానీ అమ్మా, నేనే చంపానన్నది అబద్ధం కాదు. శుక్రవారం సాయంత్రం ఓరిన్ మా ఇంటికొచ్చాడు. గొట్టం సంగతి చెప్పాడు. ‘మీవాడికి సోమవారం దాకా టైమిస్తున్నాను, వాడే వెళ్ళి చెప్పుకుంటే మాట దక్కుతుంది,’ అన్నాడు. ఆ గొట్టం నేను చూడలేదనుకున్నావా? జూన్‌లోనే చూశాను. చూసీ ఊరుకున్నాను. మా నాన్న సంతకం పెట్టిన ఒప్పందం అది. ఓరిన్ వెళ్ళాక డేల్‌ని పిలిచి నేనే చెప్పాను. ‘పొద్దున్నే ఆరింటికి వెళ్ళు. వాడొక్కడే ఉంటాడు. నేను ఆలస్యంగా వస్తాను. మనసు విప్పి మాట్లాడుకోండి,’ అన్నాను. వాడు మాట్లాడటానికే వెళ్ళాడనుకున్నాను.”

మారిట్ ఇంక కుర్చీలో ఉండలేకపోయింది. లేచి బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. జోలీన్ చెప్పిన మాట ఒకటి చెవిలో మోగుతోంది.

“ఫోటోలు. ఓరిన్ గారు తీసిన ఫోటోలు ఎక్కడున్నాయి?”

లీఫ్ తల దించుకున్నాడు.

“గొట్టం ఎప్పుడైనా పీకేయొచ్చు, ఫోటోలు కూడా లేకపోతే తన మీద ఏమీ నిలవదని డేల్ లెక్క. పొద్దున కాఫీ తెచ్చినప్పుడు ఏమడిగాడు?”

“వాడు ఏడ్చాడమ్మా. నా కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చాడు. ఫోటోలు ఒక్కటే మిగిలాయి నాన్నా, అవి పోతే ఇది మీ చేతిలో ప్రమాదంగానే ఉండిపోతుంది అన్నాడు.”

“ఎక్కడున్నాయి లీఫ్ గారూ?”

“హేజెల్ వంటింట్లో.”

హేజెల్ అంటే ఓరిన్ భార్య. పొద్దుటి నుంచి ఆమె ఇంటికి ఊరంతా గిన్నెలతో వండినవి పట్టుకెళ్తోంది. వచ్చినవాళ్ళను ఎవరని అడగకుండా తలుపు తీసి కూచోబెడుతుంది. వెటర్ అప్పటికే ఫోన్ చెవికి ఆనించాడు. అవతల గంట మోగుతూనే ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది. అతను మారిట్ కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. తరవాత తాళాలు అందుకుని నడవలోకి పరిగెత్తాడు.

“ఆ ఫోటోల్లో ఏముందో హేజెల్ గారికి తెలుసా?”

“తెలుసు. ఓరిన్ పక్కన నిలబడి టార్చి పట్టుకున్నది ఆవిడే.”

మారిట్ తలుపు దాకా వెళ్ళి ఆగింది. అడగకుండా వెళ్ళలేకపోయింది.

“ఆ సంగతి డేల్‌కి తెలుసా?”

లీఫ్ చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు. ఆ పొద్దుటి నుంచి ఆయన ఆమె ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

“అది కూడా నేనే చెప్పాను.”